బడిపంతులు రహీం సాబ్

మన విశ్వవిద్యాలయం పేరు చెప్పగానే పండితులు, న్యాయమూర్తులు, మంత్రులు, కవులు వరసగా గుర్తుకొస్తారు. సావనీరు వేసిన ప్రతిసారీ వారిలో ఎవరో ఒకరి జీవిత విశేషాలు అచ్చవుతూనే ఉంటాయి. కావలసిందే. అయితే ఈ యూనివర్సిటీలో చదివి, ఇక్కడి ఫుట్‌బాల్ జట్టులో ఆడి, ఆ తర్వాత దేశానికి రెండు ఆసియా స్వర్ణ పతకాలూ, ఒలింపిక్స్‌లో నాలుగో స్థానమూ సంపాదించి పెట్టిన ఒక బడిపంతులు ఉన్నారనే సంగతి మన విద్యార్థి మిత్రుల్లో ఎందరికి తెలుసు? ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదు వారి నోట రహీం సాబ్.

2024లో ఆయన కథతో మైదాన్ అనే హిందీ చిత్రం వచ్చింది. అజయ్ దేవగణ్ ఆ పాత్ర వేశారు. అది చూసినవారికి పేరైనా తెలిసింది, సంతోషం. కానీ సినిమా సినిమాయే. అందులో జకార్తా పెద్దగా కనపడుతుంది, కాచిగూడ బడి చిన్నదైపోతుంది. నా మట్టుకు నాకు కాచిగూడ బడే అసలు కథ అనిపిస్తుంది.

రహీం సాబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది. అంటే ఆయన, మన యూనివర్సిటీ దాదాపు కలిసి పెరిగారన్నమాట. ఇప్పుడు మనం గర్వంగా ఫోటోలు దిగే ఆర్ట్స్ కాలేజీ భవనం ప్రారంభమైంది 1939లో. అప్పటికి ఆయనకు ముప్ఫై ఏళ్లు. విద్యార్థి దశలో ఆయన యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టులో ముఖ్యమైన ఆటగాడు. తర్వాత ఎలెవన్ హంటర్స్ అనే జట్టుకు ఆడారు. ఆ జట్టు మరెవరిదో కాదు, మన యూనివర్సిటీ కాలేజీ విద్యార్థులూ పూర్వ విద్యార్థులూ కలిసి పెట్టుకున్నదే. ఊళ్లో గట్టి జట్లలో అదొకటి. ఆ పైన స్థానిక లీగులో బలమైనదని పేరున్న ఖమర్ క్లబ్బుకు కూడా ఆడారు.

ఆటతో పొట్ట గడిచే రోజులు కావవి. ఆర్ట్స్‌లో పట్టా పుచ్చుకొని ఆయన బడిపంతులయ్యారు. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూమ్ హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్ – ఇవీ ఆయన పాఠాలు చెప్పిన బడులు. నడుమ వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, చివరి రెండు బడుల్లో ఆటల బాధ్యత కూడా నెత్తిన వేసుకున్నారు. పొద్దున తరగతి గదిలో, సాయంత్రం మైదానంలో, రెండు చోట్లా ఆయన చేసే పని ఒక్కటే. రాని పిల్లవాడికి వచ్చేలా చెప్పడం.

1940ల తొలి సంవత్సరాల్లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. చనిపోయే దాకా ఆ పని ఆయనదే. ఇక్కడే ఆయనలోని పంతులు బయటపడ్డాడు. సాధారణంగా సంఘాలవాళ్లు పోటీలు పెడతారు, కప్పులు పంచుతారు, గ్రూపు ఫోటో దిగుతారు, అయిపోయింది. ఈయన పెట్టిన పోటీలు వేరు. ఒక పోటీలో డ్రిబ్లింగ్ చేయకూడదు. బంతి కాలికి అందగానే పక్కవాడికి అందించాలి గాని దాన్ని అట్టిపెట్టుకొని విన్యాసాలు చేయడానికి వీల్లేదు. ఇంకో పోటీలో వాటంలేని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో, ఎడమకాలి వాటం ఉన్నవాడు కుడికాలితో. చూసేవారికి మొదట్లో తమాషాగానే ఉండి ఉంటుంది. పలక మీద ఓనమాలు దిద్దించడం కూడా చూసేవాడికి తమాషాగానే ఉంటుంది మరి! ఏడాది తిరిగేసరికి ఆ పిల్లలు బంతి ఎటు నుంచి వచ్చినా ఏ కాలితోనైనా, ఆగకుండా, తల ఎత్తి పాస్ ఇవ్వడం నేర్చారు. హైదరాబాదు ఆట అని దేశమంతా చెప్పుకున్న ఒంటి తాకిడి పాసుల ఆట ఇలా బడిపిల్లల పోటీల్లోంచి పుట్టింది.

అప్పటికి మన దేశంలో కోచ్‌లను తయారుచేసే సంస్థ అంటూ లేదని గుర్తుంచుకోవాలి. పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ వచ్చింది 1961లో. అంతకు ముందే రహీం సాబ్ తన పాఠ్యక్రమం తానే తయారుచేసుకున్నారు.

1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు ఆయన చేతికి వచ్చింది. తర్వాత జరిగింది రికార్డు పుస్తకాల్లో ఉంది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు ఈ జట్టే గెలిచింది. డ్యూరాండ్ కప్పు 1950లో ఒకసారి, 1954లో ఒకసారి, 1957లో ఒకసారి. మొదటిసారి ఓడించింది మోహన్ బగాన్‌ను, 1957లో ఈస్ట్ బెంగాల్‌ను. రాష్ట్రం మారి ఆంధ్రా పోలీసు పేరు వచ్చాక 1961లో మళ్లీ మోహన్ బగాన్‌నే ఓడించి డ్యూరాండ్ తెచ్చుకున్నారు. ఫుట్‌బాల్ అంటే కలకత్తా, కలకత్తా అంటే ఫుట్‌బాల్ అనుకునే కాలంలో మన ఊరి పోలీసులు ఈ పని చేశారు.

దేశ జట్టుకు ఆయన తొలి పెద్ద పరీక్ష 1951 ఢిల్లీ ఆసియా క్రీడలు. ఇండోనేషియాను, ఆఫ్ఘనిస్తాన్‌ను మూడేసి గోల్స్‌తో ఓడించి, ఫైనల్లో ఇరాన్‌ను మేవాలాల్ కొట్టిన ఒక్క గోల్‌తో గెలిచి స్వర్ణం సాధించారు. కెప్టెన్ శైలేన్ మన్నా. (ఆ క్రీడల్లోనే వాటర్ పోలోలో కూడా మనకు స్వర్ణం వచ్చింది. ఆ ఆటకు రహీం సాబ్ వంటి పంతులు ఒకరు దొరికి ఉంటే దాని రాత ఎలా ఉండేదో!)

మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో గాలి తీసేసినట్టయింది. చలిదేశం, మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడినవారు, ఎదురుగా యుగోస్లావియా. పది గోల్స్ తిని ఒక్కటి కొట్టాం. దాంతో బూట్లు తప్పనిసరి అయ్యాయి. ఓడిపోయి వచ్చినవాళ్లు రెండు రకాలు. ఓటమిని మరచిపోవాలని చూసేవాళ్లు కొందరు, దాన్ని ముందేసుకొని లెక్కలు చూసుకునేవాళ్లు కొందరు. రహీం సాబ్ రెండో రకం. ఐరోపా జట్లు, ముఖ్యంగా హంగరీ, సెంటర్ ఫార్వర్డ్‌ను ముందు నిలబెట్టకుండా కొంచెం వెనక్కి లాగి, ఎదుటి ఫుల్ బ్యాక్ ఎవరిని కాయాలో తెలియక తికమకపడేలా ఆడుతున్న కాలం అది. ఆ కిటుకులు ఆయన చదివారు, మనవాళ్ల ఒళ్లు, మన నేల, మన ఎండ చూసుకొని మార్చుకున్నారు. క్రమేణా వెనక నలుగురు, నడుమ ఇద్దరు, ముందు నలుగురు ఉండే 4-2-4 వరసను మన ఆటగాళ్లకు అలవాటు చేశారు.

ఇక్కడ మెల్బోర్న్‌కు వెళ్లేముందు ఒకసారి మన పక్క పేటకు వెళ్లిరావాలి.

మన మిత్రుల్లో చాలామంది సైనిక్‌పురి, నేరేడ్‌మెట్, మౌలాలి, నాచారం, ఉప్పల్ వైపు నుంచి రోజూ బస్సులు మారి కాలేజీకి వస్తారు. సైనిక్‌పురి వారికి అమ్ముగూడ తెలియకుండా ఉండదు. పక్కనే రైల్వే స్టేషన్, చుట్టూ సైన్యం వారి స్థలాలు. ఇవాళ ఇళ్లు ఇళ్లకు ఆనుకొని ఎక్కడ ఏ కాలనీ ముగుస్తుందో తెలియదు గాని, 1950లలో అది సికింద్రాబాదు అంచున ఒక చిన్న పల్లె. అక్కడ ఒక పేద తమిళ కుటుంబంలో పుట్టిన కుర్రాడు తులసీదాస్ బలరాం. బూట్లు కొనే స్తోమతు లేక, పోలీసులు పారేసిన పాత బూట్ల తోలుతో చెప్పులు కుట్టేవాడి చేత బూట్లు కుట్టించుకొని ఆడాడట. సికింద్రాబాదు వైపు జరిగిన ఒక ఆటలో రహీం సాబ్ కంట్లో పడ్డాడు. సంతోష్ ట్రోఫీకి హైదరాబాదు జట్టును ఎంచుతున్నాం, ఫతే మైదాన్‌కు రమ్మని ఆయన కబురు.

కుర్రాడు రానన్నాడు. రాకూడదని కాదు. అమ్ముగూడ ఎక్కడ, ఫతే మైదాన్ ఎక్కడ! రోజూ రానూపోనూ బస్సుకు డబ్బులెవరిస్తారు? ఇంట్లో అడిగే పరిస్థితి లేదు. ఆ మాటే చెప్పాడు. ఇంకో సెలెక్టరైతే అంతటితో ఆ పేరు కొట్టేసి, వచ్చినవాళ్లలోంచి ఎంచుకునేవారు. అలా చేస్తే తప్పుపట్టేవారు కూడా లేరు. రహీం సాబ్ సైకిల్ అద్దెకు రోజుకింత అని డబ్బు ఇచ్చారు. బలరాం సైకిల్ మీద వచ్చాడు, శిక్షణ తీసుకున్నాడు, సైకిల్ మీద తిరిగి వెళ్లాడు. పెద్దవాడై పేరు తెచ్చుకున్నాక కూడా ఈ సంగతిని ఆయన ఎన్నిసార్లు చెప్పుకున్నారో లెక్కలేదు.

ఆ జట్టు 1956లో సంతోష్ ట్రోఫీ గెలిచింది, మరుసటి ఏడూ గెలిచింది. సైకిల్ అద్దెకు డబ్బులేని కుర్రాడు 1956 చివరికి ఇరవయ్యేళ్ల వయసులో విమానమెక్కి ఒలింపిక్స్‌కు వెళ్లాడు. సైనిక్‌పురి దారిలో వెళ్లేటప్పుడు మనలో ఎవరైనా ఒక్కసారి ఆ సైకిల్‌ను తలచుకుంటే బాగుంటుంది.

మెల్బోర్న్‌లో మన మొదటి పోటీ హంగరీతో. సొంత దేశంలో తిరుగుబాటు, రష్యన్ ట్యాంకులు – హంగరీ ఫుట్‌బాల్ జట్టు రాలేదు. అలా ఆడకుండానే క్వార్టర్ ఫైనల్‌కు చేరామని కొందరు తేలిక చేస్తారు. తర్వాత జరిగింది వారు చూడరు. సొంతగడ్డ మీద ఆడుతున్న ఆస్ట్రేలియాను 4-2తో ఓడించాం. అందులో మూడు గోల్స్ నెవిల్ డిసౌజావి. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ చేసిన తొలి ఆసియా ఆటగాడు ఆయనే. నాలుగోది కృష్ణస్వామిది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్ సెమీ ఫైనల్ చేరిన తొలి ఆసియా దేశం మనది. అక్కడ మళ్లీ యుగోస్లావియా. నాలుగేళ్ల కిందట పది గోల్స్ కొట్టినవారి మీద మనమే ముందు గోల్ కొట్టాం! ఆ పైన వాళ్లు నాలుగు కొట్టారు. కాంస్యం కోసం బల్గేరియాతో ఆడి 3-0తో ఓడాం. నాలుగో స్థానం. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, బలరాం – మన హైదరాబాదు ఆటగాళ్లు ఎందరో ఉన్నారు.

1954 మనీలా, 1958 టోక్యో ఆసియా క్రీడలకు రహీం సాబ్ కోచ్ కాదు. రెండుచోట్లా పతకం రాలేదు. దానికి ఆయన లేకపోవడమే కారణమని నేను అనను. లెక్క మాత్రం అలా ఉంది.

1960 రోమ్ ఒలింపిక్స్‌కు మళ్లీ ఆయనే. మన గ్రూపులో హంగరీ, ఫ్రాన్స్, పెరూ. ఇంతకన్నా కష్టమైన గ్రూపు ఉండదు. తర్వాత ఆ ఒలింపిక్స్‌లో కాంస్యం తీసుకున్న హంగరీతో 2-1 తేడాతోనే ఓడాం. ఆ గోల్ అమ్ముగూడ బలరాందే. ఫ్రాన్స్‌తో 1-1. కెప్టెన్ పి.కె. బెనర్జీ గోల్ కొట్టారు. పెరూతో 3-1 ఓటమి, ఆ ఒక్కటీ మళ్లీ బలరాందే. గెలుపు లేకుండా తిరిగివచ్చినా, ఐరోపా వారితో సమానంగా ఆడగల జట్టు అని అందరికీ అర్థమైంది. ఆ జట్టులో రహీం సాబ్ కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నాడు గాని, ఒక్క మ్యాచ్‌లోనూ ఆడించలేదు. తండ్రి కోచ్ అయితే కొడుక్కి మేలనుకునేవారు ఈ ముక్క గమనించాలి. హకీం తర్వాత వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్ అయ్యారు, అంతర్జాతీయ రెఫరీ అయ్యారు, 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్నారు, 2021లో కన్నుమూశారు.

ఇక జకార్తా. 1962 ఆగస్టు, సెప్టెంబరు నెలలు. అప్పటికే రహీం సాబ్‌ను క్యాన్సర్ తినేస్తోంది. మనిషి చిక్కిపోయారు. ఆ పరిస్థితిలో వేరొకరైతే ఇంట్లో పడుకునేవారు.

మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. తర్వాత థాయ్‌లాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో ఓడించాం. థాయ్‌లాండ్‌తో ఆటలో మన ఫుల్ బ్యాక్ జర్నయిల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. గోల్ కీపర్ పీటర్ తంగరాజ్‌కు ఫ్లూ. ఇవి చాలవన్నట్టు ఊరి జనానికి మన మీద కోపం. ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్లకు ఇండోనేషియా వీసాలు ఇవ్వలేదు. అలాంటప్పుడు వీటిని ఆసియా క్రీడలని ఎలా అంటారని మన దేశానికి చెందిన క్రీడా నాయకుడు జి.డి. సోంధీ అడ్డుచెప్పారు. దాని మీద జకార్తాలో గొడవలు, మన రాయబార కార్యాలయం మీద దాడి. ఆటగాళ్లు వీధిలోకి రావాలంటే భయపడే స్థితి.

సెమీ ఫైనల్ దక్షిణ వియత్నాంతో. ఇక్కడ రహీం సాబ్ ఎవరూ ఊహించని పని చేశారు. తలకు కుట్లు ఉన్న జర్నయిల్ సింగ్‌ను వెనక నుంచి తీసి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. బంతిని తలతో ఆపి తన్నే పని వెనక ఎక్కువ, ఆ గాయంతో అది కష్టం. కానీ ముందుంటే ఆ భారీ మనిషిని చూసి ఎదుటివాళ్లు జంకుతారు. ఒక్క దెబ్బకు రెండు పిట్టలు. జర్నయిల్ గోల్ కొట్టాడు, చునీ గోస్వామి రెండు కొట్టారు, 3-2తో గెలిచాం.

ఫైనల్ ముందు రాత్రి రహీం సాబ్ ఆటగాళ్లను దగ్గర కూర్చోబెట్టుకొని, రేపు మీరు నాకొక కానుక ఇవ్వాలి, ఆ స్వర్ణం ఇవ్వాలి అన్న అర్థం వచ్చేలా అడిగారని ఆ జట్టువారు తర్వాత ఎన్నో ఏళ్లు చెప్పుకున్నారు. ఆయన ఎప్పుడూ ఏమీ అడిగే మనిషి కాదు. అందుకే ఆ మాట వాళ్లకు గుచ్చుకుంది.

సెప్టెంబరు 4న ఫైనల్. మళ్లీ దక్షిణ కొరియాయే. సెనయన్ స్టేడియంలో లక్ష మంది దాకా జనం, మనవాళ్ల కాలికి బంతి తగిలితే చాలు గేలి. పాకిస్తాన్ హాకీ జట్టువారు మాత్రం మన పక్షాన కేకలు వేశారని చెబుతారు. ఇంకో నిర్ణయం రహీం సాబ్‌ది. గోల్‌లో అంతకు ముందు ఆటలు ఆడిన ప్రద్యుత్ బర్మన్‌ను పక్కన పెట్టి, జ్వరం నుంచి అప్పుడే లేచిన తంగరాజ్‌ను దింపారు. కొరియా వాళ్లు ఎత్తు బంతులతో మీదపడతారు, ఆరడుగులు దాటిన మనిషి కావాలి. ఈ తంగరాజ్ కూడా హైదరాబాదులో పుట్టి, సికింద్రాబాదు మైదానాల్లో ఆట నేర్చినవాడే. మొదటి ఇరవై నిమిషాల్లోనే పి.కె. బెనర్జీ ఒకటి, తలకు కట్టుతో జర్నయిల్ సింగ్ ఒకటి కొట్టారు. చివర్లో కొరియా ఒకటి తిప్పికొట్టింది. 2-1. స్వర్ణం మనది.

కానుక అందిన తర్వాత ఆయన ఎన్నాళ్లో బతకలేదు. 1963 జూన్ 11న వెళ్లిపోయారు. యాభై నాలుగు కూడా నిండలేదు. శిక్షకులకు ఇచ్చే ద్రోణాచార్య అవార్డు పుట్టిందే 1985లో.

బలరాం కూడా అదే 1963లో ఊపిరితిత్తుల జబ్బుతో ఆట మానుకోవలసి వచ్చింది. గురువు పోయిన ఏడాదే శిష్యుడి ఆటా ఆగింది. ఆయన కలకత్తా వైపే స్థిరపడి 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశారు. మైదాన్ సినిమా థియేటర్లకు రావడానికి ఏడాది ముందు.

రహీం సాబ్ తర్వాత మన ఫుట్‌బాల్ ఒలింపిక్స్ ముఖం చూడలేదు. 1960 రోమ్‌దే చివరిది. ఆసియా క్రీడల్లో 1962 స్వర్ణమే ఆఖరి స్వర్ణం. ఎందుకిలా అయిందంటే కారణాలు చాలా చెబుతారు. క్రికెట్ పెరిగిందనీ, కలకత్తా క్లబ్బులు డబ్బిచ్చి మన కుర్రాళ్లను పట్టుకుపోయాయనీ, పోలీసు జట్టుకు ఉద్యోగాలు తగ్గాయనీ. అన్నీ కొంత కొంత నిజం. కాని నాకు తోచేది ఇంకొకటి. సంఘం కార్యదర్శి ఆయనే, పోలీసు జట్టు కోచ్ ఆయనే, బడి పిల్లల పోటీలు పెట్టేది ఆయనే, దేశ జట్టును నడిపేది ఆయనే. ఇన్ని పనులు ఒక్క మనిషి మీద పెట్టి, ఆ మనిషి పోయాక వాటిని పంచుకోవడానికి ఎవరినీ సిద్ధం చేయలేదు. కుర్రాళ్లను వెతికి పట్టుకునే కన్ను, ఎడమకాలి పోటీలు, సైకిల్ అద్దె – వీటిని ఏ సంఘమూ తన పద్దులో రాసుకోలేదు. స్టేడియాలు కట్టాం. ఫతే మైదాన్ 1967లో లాల్ బహదూర్ స్టేడియం అయింది, పెద్దదయింది.

ఆయన నాటిన విత్తు పూర్తిగా ఎండిపోయిందని కూడా అనలేం. 1970 బాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టుకు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్. మన హైదరాబాదు పోలీసు జట్టులో ఆడి పైకొచ్చినవాడు. ఆట మానుకున్నాక ఆయన కూడా కోచ్ అయ్యారు, 1990లో ద్రోణాచార్య అందుకున్నారు. అదే బాంకాక్‌లో జట్టును తీర్చిదిద్దినవారిలో ఒకరు పి.కె. బెనర్జీ, జకార్తా ఫైనల్లో మొదటి గోల్ కొట్టినవారు.